గిన్నెలు, బకెట్లు, చీపుళ్ళతో కచేరీ: చప్పుడు ఎప్పుడు సంగీతమవుతుంది?

వేదిక మీద మృదంగం ఉండదు, డ్రమ్స్ సెట్టూ ఉండదు. బోర్లించిన ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు పళ్ళాలు, ఖాళీ నూనె డబ్బాలు, చీపుళ్ళు, అగ్గిపెట్టెలు, నీళ్ళు పోసిన గాజు గ్లాసులు మాత్రం ఉంటాయి. నలుగురైదుగురు వచ్చి వాటితోనే గంటసేపు వాయిస్తారు. ఫోన్లో రీల్స్‌గా చూసినప్పుడు అందరికీ సరదాగానే ఉంటుంది. విజయవాడలోనో గుంటూరులోనో హాల్లో కూర్చుని చూశాక మాత్రం ఇంట్లో వాదన మొదలవుతుంది. పిల్లలు "అదిరిపోయింది" అంటారు. కచేరీలు విన్న పెద్దవాళ్ళు "వంటింట్లో రోజూ వినే మోతకు టిక్కెట్టెందుకు?" అంటారు.

ఈ వాదన తెగకపోవడానికి కారణం ఉంది. ఇందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఆ వస్తువుల్లోంచి వచ్చే నాదం ఎలాంటిది? వాయించేవాళ్ళు ఏ లెక్క మీద నడుస్తున్నారు? ఆ లెక్క ఉన్నంత మాత్రాన దాన్ని కచేరీ అనవచ్చా? మొదటి రెండిటికీ సూటి జవాబులున్నాయి. మూడోదే చిక్కు.

ఈ ప్రక్రియ ఎక్కడి నుంచి వచ్చింది

ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి పేరు తెచ్చింది 'స్టాంప్' అనే ప్రదర్శన. ల్యూక్ క్రెస్‌వెల్, స్టీవ్ మెక్‌నికలస్ అనే ఇద్దరు దీన్ని 1991లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో తయారుచేశారు. చీపుళ్ళు, చెత్తడబ్బా మూతలు, అగ్గిపెట్టెలు, లైటర్లే వాళ్ళ వాద్యాలు. 1994లో న్యూయార్క్‌లోని ఆర్ఫియం థియేటర్‌లో మొదలైన ఆ ప్రదర్శన అక్కడే 2023 జనవరి దాకా నడిచింది. దానికి అర్ధశతాబ్దం ముందే, 1940లో, అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ ముందుగదిలో దొరికే బల్లలు, పుస్తకాలు, కాగితాలు వాయించడానికి నలుగురి కోసం ఒక రచన చేశాడు. అది నవ్వించడానికి రాసింది కాదు. స్వరలిపితో రాసిన సంగీతమే.

మన వైపు చూస్తే వేదిక కొత్త, పని పాతది. దంపుళ్ళ పాటలు ఎలా పుట్టాయో ఆలోచించండి. ఒకే రోట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు రోకళ్ళు వేస్తారు. ఒకరిది పైకి లేచేటప్పుడు ఇంకొకరిది కిందికి దిగాలి. లయ తప్పితే రోకలికి రోకలి తగులుతుంది, చెయ్యి నలుగుతుంది. అక్కడ లయ అలంకారం కాదు, పని సాగడానికి కావలసిన సాధనం. పాట దాని మీద వచ్చి కూర్చుంది. చెక్కభజన, హరిదాసు చిడతలు, బుర్రకథలో వంతలు వాయించే గుమ్మెటలు, కథకుడి వేలికి ఉండే అందెలు కూడా కర్ర, మట్టి, లోహం వంటి మామూలు పదార్థాల్లోంచి తాళం తీసినవే. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ తెచ్చిన బుర్రకథ వెనక మోగినవీ తంబురాతో పాటు ఈ గుమ్మెటలు, అందెలే.

శాస్త్రం వీటిని ఏ వాద్యాలంటుంది

నాట్యశాస్త్రం వాద్యాలను నాలుగు రకాలుగా విడదీసింది. తంతులు మోగితే తతం, గాలి ఊదితే సుషిరం, చర్మం బిగిస్తే అవనద్ధం. వస్తువు ఒళ్ళంతా తానే మోగితే ఘనం. తాళాలు, గంటలు, ఘటం ఘనవాద్యాలు. ఆ లెక్కన స్టీలు పళ్ళెం, ఇత్తడి బిందె, గాజు గ్లాసు, చెక్క స్టూలు కూడా ఘనవాద్యాలే. బోర్లించిన బకెట్‌ను చాలామంది డప్పు కోవలో వేస్తారు కానీ దానికి చర్మం లేదు కాబట్టి అదీ ఘనమే. దాదాపు ఇదే విభజన 1914లో యూరప్‌లో హార్న్‌బోస్టెల్, జాక్స్ చేసిన వర్గీకరణలోనూ కనిపిస్తుంది. నేటికీ ప్రపంచమంతా వాడేది అదే.

అంటే 'ఇది అసలు వాద్యమేనా' అనే అభ్యంతరం శాస్త్రం దగ్గర నిలబడదు. 'మంచి వాద్యమేనా' అన్నది వేరే ప్రశ్న. దానికి వస్తువు లోపలికి వెళ్ళాలి.

పళ్ళెం ఎందుకు మోగుతుంది, బకెట్ ఎందుకు మోగదు

మట్టికుండ కొనేటప్పుడు వేలి ముడితో కొట్టి చూస్తాం. ఖంగుమంటే తీసుకుంటాం, బొదబొదమంటే పక్కన పెడతాం. పగులు ఉన్న కుండను కొడితే ఆ పగులు అంచులు ఒకదానికొకటి రాసుకుని, కదలికలోని శక్తిని తినేస్తాయి. మోత వెంటనే చచ్చిపోతుంది. గృహవస్తువుల కచేరీలో వస్తువులను ఏరుకునే పద్ధతి కూడా ఈ పరీక్షే. కొట్టాక శక్తి ఎంతసేపు నిలుస్తుంది?

రాగి, తగరం కలిసిన కంచులో లోపలి రాపిడి చాలా తక్కువ. అందుకే గుడిగంట అంతసేపు మోగుతుంది. స్టీలు కూడా బాగానే నిలుస్తుంది. ప్లాస్టిక్ తన కదలికను తానే మింగేస్తుంది. అందువల్ల బకెట్ నుంచి 'ఢబ్' అని పొట్టి శబ్దమే వస్తుంది. ఇది లోపమనిపించవచ్చు కానీ తాళానికి పొట్టి శబ్దమే కావాలి. పళ్ళెం మోత సెకన్ల తరబడి సాగితే తర్వాతి నాలుగు దెబ్బలు దాని కింద మునిగిపోతాయి. అందుకే పళ్ళెం వాయించేవాళ్ళు రెండో చేత్తో అంచు పట్టి మోతను నొక్కేస్తుంటారు. చూడటానికి ఊరికే పట్టుకున్నట్టుంటుంది. పనంతా ఆ చేతిలోనే ఉంది.

నాదం ఎంత పైన, ఎంత కింద పలుకుతుందో చూద్దాం. ఒకే మందం ఉన్న రెండు గుండ్రటి పళ్ళాల్లో ఒకదాని వ్యాసం రెండోదానికి రెట్టింపు అనుకోండి. పెద్దదాని నాదం సగానికి దిగుతుందని అనిపిస్తుంది. నిజానికి నాలుగో వంతుకు, అంటే రెండు స్థాయిల కిందికి దిగుతుంది (ఒక 'స' నుంచి తర్వాతి 'స' దాకా ఒక స్థాయి). పళ్ళెం పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క, వ్యాసం వర్గానికి విలోమంగా మారడమే కారణం. మందం పెరిగితే నాదం పైకి వెళ్తుంది. టిఫిన్ ప్లేటుకూ అన్నం పళ్ళానికీ వినిపించే తేడా ఊహించినదానికంటే ఎక్కువ ఉండేది అందుకే.

ప్రేక్షకులను అన్నిటికంటే తికమక పెట్టేది నీళ్ళ గ్లాసు. గాజు గ్లాసులో నీళ్ళు పోస్తూ అంచు మీద చెంచాతో కొడితే నీళ్ళు పెరిగేకొద్దీ నాదం కిందికి దిగుతుంది. అదే సీసాలో నీళ్ళు పోస్తూ మూతి దగ్గర ఊదితే నీళ్ళు పెరిగేకొద్దీ నాదం పైకి ఎక్కుతుంది. రెండిట్లోనూ నీళ్ళే, ఫలితం మాత్రం తలకిందులు. కొట్టినప్పుడు మోగేది గాజు. నీళ్ళు దానికి బరువు తగిలిస్తాయి కాబట్టి నెమ్మదిగా కదులుతుంది. ఊదినప్పుడు మోగేది లోపలి గాలి. నీళ్ళు చేరి గాలి చోటు తగ్గితే వేగంగా కదులుతుంది. జలతరంగం వాయించే విద్వాంసులు పింగాణీ గిన్నెల్లో చుక్క చుక్క నీళ్ళు చేరుస్తూ శ్రుతి కలిపేది మొదటి సూత్రం మీదే.

బోర్లించిన బకెట్‌ను నేలకు పూర్తిగా ఆనిస్తే లోపలి గాలి బంధించినట్టు అవుతుంది, శబ్దం పొడిగా వస్తుంది. కాలితో అంచును కొద్దిగా లేపితే గంభీరమైన నాదం బయటికి వస్తుంది. ఈసారి ప్రదర్శన చూసినప్పుడు చేతులు వదిలి పాదాలు గమనించండి. 'తొం' అనే ఆ లోతైన దెబ్బ ఎక్కడ పడుతుందో పాదమే ముందు చెబుతుంది.

ఇన్ని చేసినా బకెట్ మృదంగం కాలేదు, దానికి నికరమైన కారణం ఉంది. మామూలు చర్మవాద్యాన్ని కొడితే వచ్చే ఉపస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు పైన మోగే స్వరాలు, ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే చాలా డోళ్ళకు స్పష్టమైన స్వరం ఉండదు. మృదంగం, తబలా మధ్యలో కనిపించే నల్లటి కరణి ఆ ఉపస్వరాలను లెక్కలో పెడుతుందని సి.వి. రామన్, శివకాళి కుమార్ 1920లో 'నేచర్' పత్రికలో చూపించారు. అందుకే మృదంగాన్ని గాయకుడి శ్రుతికి కలపగలం. బకెట్‌కూ నూనె డబ్బాకూ ఆ సర్దుబాటు లేదు. అవి స్వరం ఇవ్వవు, శబ్దాల్లో రకాలను ఇస్తాయి. లోతైనది ఒకటి, పొడిది ఒకటి, మోగేది ఒకటి, చీపురు గీసినట్టు సాగేది ఒకటి. ఈ నాలుగు ఉంటే తాళం మొత్తం కట్టవచ్చు.

అవే పళ్ళాలు, రెండు ఫలితాలు

2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ రోజు గుర్తుందా? సాయంత్రం 5 గంటలకు బాల్కనీల్లోకి వచ్చి పళ్ళాలు, గిన్నెలు మోగించాం. మనసులు కలిసిన సందర్భమది. శబ్దాలు మాత్రం కలవలేదు, ఎందుకంటే ఎవరి వేగం వారిది. కచేరీలో వాడేవీ ఆ పళ్ళాలే. తేడా అంతా ఇక్కడుంది: వేదిక మీద ఉన్న ప్రతివాడికీ తాను ఎక్కడ బయల్దేరాడో, తిరిగి ఎక్కడికి చేరాలో తెలుసు. ఆ చేరాల్సిన చోటును సమం అంటారు.

ఆదితాళం తీసుకుందాం. ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. అవి ఒకసారి పూర్తయితే ఒక ఆవర్తనం. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ముగ్గురు వాయిస్తున్నారనుకోండి. బకెట్ వాడు ఒకటి, అయిదు అక్షరాల మీద 'తొం' వేస్తాడు. చీపురు వాడు ప్రతి అక్షరానికీ ఒకసారి నేల గీస్తాడు. పళ్ళెం వాడు మాత్రం మూడు అక్షరాలకోసారి కొడతాడు. మొదటి ఆవర్తనంలో అతని దెబ్బలు 1, 4, 7 మీద పడతాయి. రెండోదాంట్లో 2, 5, 8 మీద. మూడోదాంట్లో 3, 6 మీద. ఆ తర్వాతి దెబ్బ మళ్ళీ సమం మీదే. మూడు ఎనిమిదులు ఇరవైనాలుగు. మధ్యలో పళ్ళెం తప్పిపోయినట్టే వినిపిస్తుంది. పక్కవాడు అయోమయంగా చూస్తాడు. ఇరవైనాలుగు అక్షరాలు గడిచాక ముగ్గురూ సమం మీద ఒకే దెబ్బగా కలుస్తారు. హాల్లో చప్పట్లు మోగేది అక్కడే. తాళం పేరు తెలియనివారు కూడా ఆ కలయికను గుర్తుపడతారు.

ఇక ముగింపు. ముక్తాయింపు అంటే ఒక పదబంధాన్ని మూడుసార్లు వాయించి సరిగ్గా సమానికి చేరడం. అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున ఆదితాళం ఆవర్తనం 32 మాత్రలు. 32ని మూడుతో భాగిస్తే సరిగ్గా పోదు. మరి మూడుసార్లు ఎలా? మృదంగం వాళ్ళు నోటితో పలికే 'తదిగిణతొం' అయిదు మాత్రలు. దాన్ని జంటగా వేస్తే పది. పది వాయించి ఒక మాత్ర ఆగి, మళ్ళీ పది, ఒక మాత్ర ఆగి, మళ్ళీ పది. మూడు పదులు ముప్ఫై, రెండు ఆగడాలు కలిపి 32. తర్వాతి దెబ్బ సమం. ఆ ఒక్క మాత్ర నిశ్శబ్దం తప్పితే అంతా కూలిపోతుంది. ఇదే ముక్తాయింపును మృదంగం మీద వినవచ్చు, గ్యాస్ సిలిండర్ మీదా వినవచ్చు. లెక్క ఒక్కటే.

నా దృష్టిలో ఈ ప్రదర్శనల గొప్పతనం ఇక్కడుంది. తని ఆవర్తనం, అంటే కచేరీలో లయవాద్యాలు ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలవగానే కాఫీకి లేచిపోయే సభల్లో కూడా, బకెట్ల మీద అదే లెక్క వాయిస్తే జనం కుర్చీ అంచున కూర్చుంటారు. ఎవరు ఎక్కడ కొడుతున్నారో కంటికి కనిపిస్తుంది కాబట్టి చెవి వెంబడించగలుగుతుంది.

చివరి వరుస చప్పట్లు ఎందుకు వెనకబడతాయి

ఇలాంటి ప్రదర్శనల్లో ప్రేక్షకులతో చప్పట్లు కొట్టించే ఘట్టం తప్పకుండా ఉంటుంది. అది కాసేపటికే నీరసంగా జారిపోతుంది. మనకు లయ లేక కాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం లాంటి పెద్ద హాల్లో ఒకరు వేదికకు 30 మీటర్ల దూరాన కూర్చున్నారనుకుందాం. దెబ్బ అక్కడికి చేరడానికి దాదాపు 0.09 సెకన్లు. విన్న వెంటనే సరిగ్గా చప్పట్లు కొట్టినా, అది వేదికకు తిరిగి చేరడానికి మరో 0.09. మొత్తం 0.18 సెకన్లు. నిమిషానికి 120 అక్షరాల వేగంలో, అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున ఒక్కో మాత్ర 0.125 సెకన్లే. అంటే చివరి వరుస చప్పట్లు వేదిక మీదివాళ్ళకు ఒక మాత్రకు పైగా ఆలస్యంగా వినిపిస్తాయి. వాటిని అనుసరించి వేగం తగ్గిస్తే, ప్రేక్షకులు ఇంకా తగ్గిస్తారు. అందుకే కళాకారులు చెవిని నమ్మక ఒకరి భుజం, తల, మోకాలు ఒకరు చూసుకుంటూ వాయిస్తారు. ఆ పెద్ద పెద్ద అంగవిన్యాసాల్లో నాటకీయత ఉన్నమాట నిజమే, కానీ వాటికి ఈ అవసరమూ ఉంది.

శబ్దతీవ్రత గురించి ఒక్కమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర అది 20 నిమిషాలకు పడిపోతుంది. లోహం మీద కర్రతో కొట్టే దెబ్బ, దానికి మైకు, ముందువరుసలో పిల్లలు. ఈ మూడు కలిసిన చోట ఈ లెక్క గుర్తుండాలి.

అభ్యంతరాలు, సమాధానాలు

శాస్త్రీయ సంగీతం వైపు నుంచి వచ్చే మొదటి అభ్యంతరం శ్రుతి. మృదంగం పాటకు శ్రుతి కలుపుకుని పాటను అనుసరిస్తుంది. కీర్తనలో ఎక్కడ మెత్తబడాలో, ఎక్కడ ఆగాలో దానికి తెలుసు. బకెట్ల బృందానికి పాటే ఉండదు. రెండో అభ్యంతరం సాధన. విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్న ప్రభుత్వ సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకునే విద్యార్థి ముందు ఏళ్ళ తరబడి పాఠాలుంటాయి. వెనక గురువుల వరస ఉంటుంది. దండమూడి రామమోహనరావు వంటి విద్వాంసులు, 2021లో పద్మశ్రీ అందుకున్న నిడుమోలు సుమతి వంటివారు ఒక్కో దెబ్బ నాదం కోసం పెట్టిన జీవితకాలం చిన్నది కాదు. దాని పక్కన చీపురును నిలబెట్టడం వారిని నొప్పిస్తే అది మొండితనమని నేను అనలేను.

మరోవైపు వాదన కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మంచి మృదంగం కొనడం, మూతలు మార్పించుకోవడం అందరివల్లా కాదు. ఇంట్లో ఉన్న డబ్బాకు ఖర్చు లేదు. సొల్లుకట్టు, అంటే దెబ్బలను నోటితో పలికే జతులు, నోటికి వస్తే చాలు, పిల్లవాడు ఈరోజే లయ మొదలుపెట్టవచ్చు. వస్తువులతో ఆట గిమ్మిక్కు అనేవారికి ఈ పక్షం కూచిపూడిని గుర్తుచేస్తుంది. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి పాదాలతో తాళం నడిపిస్తే, దాన్ని పళ్ళెం విన్యాసమని ఎవరూ తోసిపుచ్చలేదు.

మూడో అభ్యంతరం తక్కువగా వినిపిస్తుంది, నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది అదే. డప్పు, గుమ్మెట, జముకు వాయించే జానపద కళాకారులది. సామాన్య వస్తువుల్లోంచి లయ తీసే విద్య తరతరాలుగా వాళ్ళ చేతుల్లో ఉంది. డప్పు విషయంలో ఆ విద్యకు కులం పేరిట అవమానం కూడా తోడైంది. వాళ్ళు వీధిలో వాయిస్తే చప్పుడు అన్నవారే, ఏసీ హాల్లో బకెట్ వాయిస్తే కళ అంటున్నారు. ఇది బకెట్ వాయించేవారి తప్పు కాదు. వినేవాళ్ళ చెవి వస్తువును చూస్తోందా, మనిషిని చూస్తోందా అన్న ప్రశ్న.

వస్తువు వాద్యంగా మారిన చోట్ల ఏం జరిగింది

ట్రినిడాడ్‌లో బ్రిటిష్ పాలకులు 1880ల్లో చర్మవాద్యాల మీద ఆంక్షలు పెట్టారు. జనం వెదురు బొంగులతో, తర్వాత బిస్కెట్ డబ్బాలతో, చివరికి నూనె పీపాలతో తాళం వేశారు. పీపా అడుగును సుత్తితో పల్లంగా కొట్టి, ఒక్కో చోటును ఒక్కో స్వరానికి శ్రుతి చేశారు. అదే స్టీల్‌పాన్. 1992లో అది ఆ దేశపు జాతీయ వాద్యమైంది. పెరూలో ఆఫ్రికన్ బానిసలు సరుకు పెట్టెలు వాయించారు. ఇప్పుడు మన ఫ్యూజన్ బ్యాండ్లలో కుర్చీలా కూర్చుని వాయించే కహోన్ ఆ పెట్టె సంతానమే. మన ఘటం కూడా కుండే. తమిళనాడులోని మానామదురై కుమ్మరులు దాన్ని వంటకుండలా కాక గోడ మందం, శ్రుతి చూసుకుని ప్రత్యేకంగా చేస్తారు. ఒక ఘటానికి ఒకే శ్రుతి కాబట్టి విద్వాంసులు చాలా ఘటాలు దగ్గర పెట్టుకుంటారు. ఉపపక్కవాద్యంగా, అంటే మృదంగానికి తోడుగా, వెనక కూర్చున్న ఆ ఘటాన్ని విక్కు వినాయక్రామ్ 1970ల్లో 'శక్తి' అనే ఫ్యూజన్ బృందంతో ప్రపంచ వేదికల ముందువరుసకు తెచ్చారు.

ఈ మూడు కథల్లోనూ నాలుగు సంగతులు జరిగాయి. వస్తువును వాద్యంగానే తయారుచేసే పనివాళ్ళు వచ్చారు. దానికి నిలకడైన నాదం ఏర్పడింది. ఒకరి నుంచి ఒకరికి నేర్పే పాఠం పుట్టింది. దానికోసమే కూర్చిన రచనలు పోగయ్యాయి. మనం చూస్తున్న గృహవస్తువుల కచేరీల్లో మొదటి రెండూ ఇంకా లేవు, బహుశా ఉండవు కూడా. తయారుచేసిన బకెట్ అయితే అది ఇంటి బకెట్ కాదు, ప్రదర్శన ఆకర్షణే పోతుంది. చివరి రెండూ మాత్రం సాధ్యమే. ఈ వస్తువుల కోసం కట్టిన వరుసలను సొల్లుకట్టులో రాసి పెడితే, విజయవాడ బృందం కట్టినదాన్ని గుంటూరు పిల్లలు వేరే డబ్బాల మీద వాయించగలరు. డబ్బా మారితే నాదం మారుతుంది. 10, 1, 10, 1, 10 మారదు.